బీరపందిరి మీద క్లెమాటిస్

అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలోని మా హిల్స్‌బరోలో ఏ పెరడు తెలుగువాళ్ళదో ఫెన్సు మీంచి చూసి చెప్పేయొచ్చు. పందిరి ఉంటుంది. నాలుగు చెక్క గుంజలు, పైన ఇనప వల, కింద బీరపాదో సొరపాదో, పక్కన కుండీలో కరివేపాకు. మాదీ అదే వాలకం. కాకపోతే మా పందిరి గుంజల్లో మూడింటికి క్లెమాటిస్ అనే పూలతీగ కూడా పాకుతుంది. జులై వచ్చేసరికి బీరాకుల సందుల్లోంచి ఊదారంగు పూలు బయటికి వస్తాయి. భోజనానికి వచ్చినవాళ్ళు ప్లేటు పట్టుకుని అక్కడే ఆగిపోతారు. "రాఖీ పువ్వా అండీ?" అని మొదటి ప్రశ్న. కాదు. "మరి కాయ కాస్తుందా?" అని రెండోది. కాస్తే మటుకు తినేది కాదు. "మాక్కూడా ఓ అంటు ఇస్తారా?" అని మూడోది. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, ప్రతివాళ్ళకీ అదే పురాణం మొదట్నించీ చెప్పే ఓపిక తగ్గింది. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నాను.

క్లెమాటిస్‌లో మూడొందల దాకా జాతులున్నాయి. వాటిని ఒకదానితో ఒకటి సంకరం చేసి పుట్టించిన తోట రకాలైతే వేలల్లో ఉంటాయి. ఇక్కడ ఒరెగాన్‌లో ఏప్రిల్ నెలలో ఏ నర్సరీకి వెళ్ళినా గుమ్మంలోనే వరసగా పెడతారు. సన్నటి పుల్లకి కట్టిన రెండు కొమ్మలు, దాని మెడలో చేటంత పువ్వు బొమ్మ. అందరూ ఆ బొమ్మ చూసి కొంటారు. నేనైతే బొమ్మ తిప్పి వెనకాల చూడమంటాను. అక్కడ చిన్న అక్షరాల్లో 1, 2, 3 అని ఓ అంకె ఉంటుంది. అది ఆ తీగని ఎప్పుడు, ఎంత కత్తిరించాలో చెప్పే అంకె. కూరగాయలు పండించే ఇంటికి కావలసింది 3. ఈ పోస్టంతా చదివే తీరిక లేనివాళ్ళు ఈ ముక్క పట్టుకుని వెళ్ళిపోవచ్చు.

ఎందుకో చెప్తాను. ఒకటో గుంపు తీగలు నిరుడు పెరిగిన కొమ్మ మీద వసంతంలో పూస్తాయి. వాటిని పూలయ్యాక కాస్త సర్దడమే తప్ప నరకకూడదు. రెండో గుంపువి పెద్ద పూలవి. మే, జూన్‌లలో పాత కొమ్మ మీద ఓసారి పూసి, వేసవి చివర్లో కొత్త కొమ్మ మీద ఇంకాస్త పూస్తాయి. వీటికి పైనుంచి ఎండిన పుల్ల తీసేసి, బలిసిన మొగ్గ జంట కనపడ్డ చోట ఆగాలి. అంటే ఈ రెండు గుంపుల్లోనూ పాత కొమ్మ ఏడాది పొడుగునా పందిరి మీద భద్రంగా ఉండాలి. మూడో గుంపుకి ఆ బెంగ లేదు. అది ఆ ఏడు పుట్టిన కొమ్మ మీదే పూస్తుంది. ఫిబ్రవరిలో నేలకి అడుగెత్తున, బలమైన మొగ్గ పైన, మొత్తం తీగని కోసి పారేయడమే.

ఇప్పుడు మన బీరపాదు సంగతి చూడండి. ఇక్కడ మే నెలాఖరుదాకా రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ దగ్గర మొలకెత్తించి, జూన్ మొదట్లో నేలలో పెడతాం. అప్పటికి ఫిబ్రవరిలో కోసిన క్లెమాటిస్ మళ్ళీ లేచి పందిరి అంచు అందుకుంటుంది. జులైలో అది పూత మొదలుపెట్టేసరికి బీర పైకి వస్తుంది. ఆగస్టు సాయంత్రాలు బీరపూలు విచ్చుకునే వేళ పసుపూ ఊదా కలిసి ఉంటాయి. ఆ నెల్లాళ్ళూ మా డెక్ మీద కుర్చీలు ఖాళీ ఉండవు. అక్టోబరు చివర మంచు పడి బీర నల్లబడ్డాక పాదు పీకాలి కదా? బీర నులితీగలు క్లెమాటిస్‌ని ఎక్కడ పట్టుకున్నాయో విప్పడం మానవమాత్రుల వల్ల కాదు. లాగితే రెండూ వస్తాయి. రానివ్వండి. ఎలాగూ ఫిబ్రవరిలో కోసేదే. అదే రెండో గుంపు తీగ అయితే ఆ లాగుడుతో వచ్చే ఏడు పూలు పోయినట్టే.

శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోతుందని మన వైపు మాట. ఇక్కడ వెళ్ళదు. అయినా తీగ కోయడానికి ఆ రోజులే నాకు గుర్తు. ప్రెసిడెంట్స్ డే సెలవు కూడా అప్పుడే వస్తుంది. పోర్ట్‌లండ్ వాళ్ళు గులాబీలు కత్తిరించేదీ ఆ వారాంతమే. గులాబీలయ్యాక అదే కత్తెరతో పందిరి దగ్గరికి వస్తాను. ఎండిపోయినట్టుండే ఆ పుల్లల్లో ప్రాణం ఉందో లేదో అనుమానంగా ఉంటుంది గానీ, కణుపు దగ్గర చూస్తే చిన్న ఆకుపచ్చ మొగ్గలు జంటలుగా కనిపిస్తాయి.

మా గుంజలకి ఉన్నవి మూడు రకాలు, అన్నీ మూడో గుంపువే. మొదటిది జాక్‌మనీ. ఇంగ్లండులో వోకింగ్ అనే ఊళ్ళో జాక్‌మన్ కుటుంబం నర్సరీలో 1858లో చేసిన సంకరం. పెద్ద ఊదా పూలు, నూటయాభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ ప్రతి నర్సరీలో దొరుకుతుందంటే దాని సత్తా అర్థం చేసుకోవాలి. రెండోది ఎత్వాల్ వియొలెత్, 1885 నాటి ఫ్రెంచి రకం. పువ్వు చిన్నది, ముదురు ఊదా, మధ్యలో లేత పసుపు కేసరాలు. లెక్కపెట్టలేనన్ని పూస్తుంది. మూడోది పోలిష్ స్పిరిట్. వార్సాలో జెస్యూట్ మఠం తోట చూసుకున్న బ్రదర్ స్తెఫాన్ ఫ్రాన్చాక్ సృష్టి. ఆయన 1917లో పుట్టి 2009దాకా బతికారు. క్లెమాటిస్‌లో డజన్ల కొద్దీ రకాలు పుట్టించారు. వాటిలో ఒకదానికి పోప్ జాన్‌పాల్ పేరు పెట్టారు, ఇంకొకదానికి కార్డినల్ పేరు. నాకు మాత్రం ఈ పోలిష్ స్పిరిటే ఇష్టం. బంకమట్టిలో పెట్టినా, రెండ్రోజులు నీళ్ళు మర్చిపోయినా మొహం మాడ్చుకోదు.

ఎత్వాల్ వియొలెత్, పోలిష్ స్పిరిట్ రెండూ విటిసెల్లా వంశంలోవి. యూరప్ దక్షిణాన అడవుల్లో పెరిగే విటిసెల్లా అనే జాతి వీటికి మూలం. జాక్‌మనీలోనూ ఆ రక్తం ఉంది. మొదటిసారి పెంచేవాళ్ళు విటిసెల్లాతోనే మొదలుపెట్టాలని నా పట్టుదల. కారణం అందం కాదు, తెగులు. పెద్ద పూల రకాలకి క్లెమాటిస్ విల్ట్ అని ఒకటి వస్తుంది. కాలోఫోమా క్లెమాటిడినా అనే శిలీంధ్రం పని. మొగ్గలతో నిండుగా ఉన్న తీగ రెండు రోజుల్లో తల వేలాడేసి నల్లబడిపోతుంది. నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు, లాభం ఉండదు. మాకు నెల్లీ మోజర్ అనే రెండో గుంపు రకానికి వచ్చింది. వాడిన కొమ్మని ఆరోగ్యంగా ఉన్న చోటిదాకా, అవసరమైతే నేలమట్టానికి కోసి, ఆ చెత్తని కంపోస్టులో కాకుండా చెత్తబుట్టలో పారేయాలి. వేరు బాగుంటే మళ్ళీ చిగురేస్తుంది. మాది వేసింది. విటిసెల్లాలకి ఈ తెగులు చాలా అరుదు.

ఆ చిగురు రావాలంటే నాటినప్పుడే ఓ పని చేసి ఉండాలి. కుండీలో ఉన్న మట్టం కంటే రెండు మూడు అంగుళాలు లోతుగా, కనీసం రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా పాతాలి. వంకాయ నారు, మిరప నారు మెడ పాతకూడదని చిన్నప్పట్నించీ విన్నవాళ్ళకి ఇది ఒంటబట్టదు. కానీ పైన ఏం జరిగినా ఆ పాతిన కణుపుల నుంచే కొత్త కొమ్మలు లేస్తాయి. మా పెరటి మట్టి చలికాలం జారుడు, వేసవిలో పెంకు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తవ్వి, కంపోస్టు కలిపి నింపాను. గుంజకి ఆనించి కాదు, అడుగు దూరంలో. మొదటి ఏడాది ఏమీ ఎదగదు. ఊరికే వేళ్ళు తన్నుకుంటుంది. చాలామంది ఆ ఏడే విసిగి పీకేస్తారు.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. బీరకి నులితీగలున్నాయి కాబట్టి ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. క్లెమాటిస్‌కి నులితీగల్లేవు. ఆకు కాడే మెలి తిరిగి ఆసరా పట్టుకుంటుంది. ఆ కాడ పొడుగెంత, రెండంగుళాలు. పెన్సిలు కంటే లావున్న దేన్నీ చుట్టుకోలేదు. నాలుగంగుళాల చెక్క గుంజ దాని దృష్టిలో గోడే. గుంజకి సన్నటి వల చుట్టి మేకులు కొడితే ఇక దాని దారి అది చూసుకుంటుంది. లేత కొమ్మ మాత్రం పుటుక్కున విరుగుతుంది. వంచి కట్టేటప్పుడు తొందర పనికిరాదు.

మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "కూరకి రాదు, తల్లోకి రాదు, కాయల చోటంతా తినేస్తుంది, ఎందుకండీ ఇది?" అంది. కాయలు తగ్గలేదని తేలాక మెత్తబడింది. ఇప్పుడు క్లెమాటిస్ మొదట్లో తోటకూర చల్లేది ఆవిడే. ఈ తీగ పైభాగానికి ఎండ కావాలి, వేళ్ళకి నీడ, చల్లదనం కావాలి. తోటకూర ఆ పని చక్కగా చేస్తుంది. అయితే కోసేటప్పుడు క్లెమాటిస్ ఆకు ఒక్కటి కూడా కలవకుండా చూసుకోవాలి. పచ్చి తీగ రసంలో నోటిని, కడుపుని మండించే గుణం ఉంది. కత్తిరించేటప్పుడు నేను గ్లవ్స్ వేసుకుంటాను. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇది గుర్తుంచుకోండి.

అమ్మ సామర్లకోట నుంచి వచ్చినప్పుడు ఈ పూలు చూసి, "వాసన లేని పువ్వు దేవుడికెందుకురా" అని పెదవి విరిచింది. మర్నాడు పొద్దున్న చూస్తే జాక్‌మనీ పూలు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళలో తేలుతున్నాయి, దేవుడి ముందే. "మందారం సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఇది నాలుగు రోజులైనా అలాగే ఉందిరా" అని అక్కడున్నన్నాళ్ళూ కోస్తూనే ఉంది. వాడకపోవడానికి కారణం లేకపోలేదు. మనం రేకులనుకునేవి నిజానికి రేకులు కావు, రక్షక పత్రాలు. మామూలు పువ్వులో మొగ్గని కప్పి ఉంచే ఆ ఆకుపచ్చ తొడుగులే ఇక్కడ రంగు పూసుకుని ముందుకొచ్చాయి. అసలు రేకులు ఈ పువ్వుకి లేవు.

సామర్లకోట మాటొచ్చింది కాబట్టి ఓ పక్కదారి. 1781 నుంచి కలకత్తా వెళ్ళేదాకా పన్నెండేళ్ళ పాటు మా ఊళ్ళో మొక్కలు పెంచి, బొమ్మలు గీయించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ పేరు మీకు తెలిసే ఉంటుంది. మన తూర్పు కనుమల కొండల్లో పెరిగే క్లెమాటిస్ గౌరియానా అనే తీగకి ఆ పేరు ఆయన పెట్టిందే. పువ్వు తెల్లగా చిన్నగా ఉంటుంది. దాని అందం పూలయ్యాక వచ్చే గింజల్లో ఉంది, ఒక్కో గింజకి తెల్లటి ఈకలాంటి తోక. చిన్నప్పుడు ఎప్పుడో అరకు దారిలో పొదల మీద ఇలాంటివి చూసిన జ్ఞాపకం. అప్పుడు ఎవరికి తెలుసు.

ఇక్కడి వేసవిలో వాన ఉండదు. జులై, ఆగస్టుల్లో ఆకాశం నుంచి చుక్క రాలదు. బీరకీ దీనికీ కలిపి చెమర్చే గొట్టం వేశాను. వారానికి రెండుసార్లు, వేళ్ళదాకా దిగేలా పెడితే చాలు. 2021 జూన్ 28న మాత్రం ఏ గొట్టమూ ఏమీ చేయలేకపోయింది. పోర్ట్‌లండ్‌లో 116 ఫారెన్‌హీట్, అంటే దగ్గర దగ్గర 47 సెల్సియస్. రెంటచింతలే ఇక్కడికి దిగినట్టుంది. ఏసీ లేని ఇళ్ళు ఎన్నో ఈ ఊళ్ళలో. తీగ ఆకుల అంచులు మాడి, విచ్చుకున్న పూలు వెలిసిపోయాయి. వేళ్ళ దగ్గర ఆకుచెత్త మందంగా కప్పి ఉండబట్టి ఆగస్టుకి విటిసెల్లాలు మళ్ళీ మొగ్గ తొడిగాయి.

ఎండ కంటే రోజువారీ శత్రువు గుల్ల లేని నత్త. మార్చి వానల్లో లేత చిగుళ్ళని రాత్రికి రాత్రే నాకేస్తుంది. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లితే తగ్గుతాయి. సెప్టెంబరులో బీరాకుల మీద బూడిద తెగులు వస్తుంది కదా, అందుకే ఈ పందిరి మీద ప్రిన్సెస్ డయానాలాంటి టెక్సెన్సిస్ రకాలు వద్దంటాను. ఎర్రటి బుడ్డి పూలు, చూడ్డానికి ముచ్చటే. కానీ వాటికీ బూడిద పట్టే బుద్ధి ఎక్కువ. రెండిటినీ ఒకే చోట పెట్టి ఏం బావుకుంటాం.

పందిరి కాకుండా వేరే చోటుంటే అప్పుడు ఒకటి, రెండు గుంపుల జోలికి వెళ్ళొచ్చు. నెల్లీ మోజర్ లేత గులాబీ, ప్రతి రేకు మధ్యన ముదురు చార. 1897లో ఫ్రాన్సులో వచ్చింది. పశ్చిమపు ఎండలో పెడితే చార వెలిసిపోతుంది, ఇంటికి ఉత్తరం వైపు బాగుంటుంది. అర్మాండీ ఏడాదంతా ఆకు రాల్చదు, మార్చిలో తెల్లటి పూలు, సందు చివరిదాకా వాసన. మోంటానా మన హిమాలయాలది. గవర్నర్ జనరల్ భార్య లేడీ అమ్‌హర్స్ట్ ద్వారా 1831లో ఇంగ్లండు చేరింది. మే నెలలో గ్యారేజీ కప్పంతా పూలే అవుతుంది, అదే దానితో ఇబ్బంది కూడా. ముప్ఫై అడుగులు పోయే తీగని మన చేటంత పెరళ్ళలో పెట్టి, తర్వాత పక్కింటివాళ్ళతోనూ హెచ్‌ఓఏ అనే ఇళ్ళ యజమానుల సంఘంతోనూ ఉత్తరాలు నడుపుకోవడం నాకు చేతకాదు.

ఒక్కదాన్ని మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. విటాల్బా, యూరప్ నుంచి వచ్చిన తెల్లపూల తీగ. ఒరెగాన్ ప్రభుత్వం దీన్ని హానికర కలుపు జాబితాలో పెట్టింది. అడవుల అంచున చెట్ల నెత్తి మీదకెక్కి మొత్తం కప్పేస్తుంది. చలికాలం హైవే పక్క చెట్ల మీద నెరిసిన గడ్డంలా కనిపించేది అదే. వెనకటికి ఫ్రాన్సులో బిచ్చగాళ్ళు దీని రసం ఒంటికి రాసుకుని పుళ్ళు తెప్పించుకునేవారట, జాలి కోసం.

బొమ్మలు చూసి కొనే బదులు పువ్వులే చూసి ఎంచుకోవాలనుకుంటే లేక్ ఆస్వీగోలో లూషర్ ఫామ్‌కి వెళ్ళండి. అక్కడ రోజర్సన్ క్లెమాటిస్ గార్డెన్ ఉంది. బ్రూస్టర్ రోజర్సన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు కాన్సాస్‌లో పాఠాలు చెప్పుకుంటూ 1971లో నాలుగు మొక్కలతో మొదలుపెట్టారు. రిటైరై ఒరెగాన్ వచ్చేసరికి అవి వందలయ్యాయి. చాలాకాలం కుండీల్లోనే బతికిన ఆ సేకరణని 2005లో ఈ పొలానికి చేర్చారు. జూన్ మొదటి వారంలో వెళ్తే రెండో గుంపు, జులైలో వెళ్తే మూడో గుంపు చూడొచ్చు. చీటీల మీద పేరు రాసి ఉంటుంది, ఫోటో తీసుకుని నర్సరీకి పట్టుకెళ్ళండి.

కొనక్కర్లేకుండా పెంచాలంటే నేలంటు తేలిక. జూన్‌లో ఓ పొడుగాటి కొమ్మని వంచి, కణుపు దగ్గర కాస్త గీరి, పక్కనున్న కుండీ మట్టిలో అదిమి, పైన రాయి పెట్టాలి. ఏడాది తిరిగేసరికి వేళ్ళు పడతాయి, అప్పుడు తల్లి నుంచి కోయాలి. రకం మారదు. గింజల్తో మాత్రం పెట్టుకోకండి. సంకర రకాల గింజ తల్లిని పోలదు. మొలకెత్తడానికే కొన్నిటికి ఏడాది పైన పడుతుంది, పూయడానికి ఇంకా రెండు మూడేళ్ళు.

ఇది ప్రత్యేకంగా హైదరాబాదు, విజయవాడల నుంచి అడిగేవాళ్ళకి చెప్తున్నాను. ఆన్‌లైన్‌లో నీలం, ఎరుపు, ఆకుపచ్చ పూల బొమ్మలేసి క్లెమాటిస్ విత్తనాలు అమ్ముతున్నారు. డబ్బు పారేసుకోకండి. ఈ రకాలకి చలికాలంలో నిజమైన చలి పడాలి, మట్టి చల్లగా ఉండాలి. మే నెల మిద్దె మీద కుండీలో అది సాగదు. ఊటీలోనో కొడైకెనాల్‌లోనో ఇల్లుంటే విటిసెల్లా ఒకటి పెట్టి చూడొచ్చు. విజయవాడలో అయితే అదే గుంజకి రాధామనోహరం పాకించండి, లేదా ముద్ద శంఖుపుష్పం. శంఖుపుష్పం గింజ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నాటితే వారంలో మొలకొస్తుంది, రెండు నెలల్లో పూస్తుంది.